కంటెస్ట్ అనే మాట: అర్థం, పుట్టుక, వాడకం – తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లు, కోర్టు కాగితాలు తెలుగు చేసేవాళ్లు, ఎన్నికల వార్తలు రాసేవాళ్లు 'కంటెస్ట్' దగ్గర పదే పదే ఆగుతారు. ఒకచోట అది పోటీ, ఇంకోచోట అభ్యంతరం. 'నో కంటెస్ట్' అంటే నేరం ఒప్పుకున్నట్టా కాదా అన్నది మరో గందరగోళం. మళ్లీ మళ్లీ వచ్చే ఆ సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాం. దేనికి జవాబు కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లవచ్చు.

## మొట్టమొదటి సందేహాలు

కంటెస్ట్ అంటే పోటీయేనా? ఇంకేమైనా అర్థం ఉందా?

నామవాచకంగా వాడితే పోటీయే: వ్యాసరచన కంటెస్ట్, ముగ్గుల కంటెస్ట్. క్రియగా వాడితే మాత్రం రెండు దారులున్నాయి. మొదటిది పోటీ చేయడం: ఎన్నికనో, సీటునో కంటెస్ట్ చేస్తారు. రెండోది ఒప్పుకోకుండా ఎదురు నిలబడటం: వీలునామాను, జరిమానాను, ఎన్నిక ఫలితాన్ని కంటెస్ట్ చేస్తారు. పైకి ఈ రెండూ వేరుగా కనిపించినా లోపల ఒకటే. రెండు పక్షాలు తమ వాదనను మూడో మనిషి ముందు పెడతాయి. ఆ మూడో మనిషి జడ్జి కావచ్చు, ఓటరు కావచ్చు, అంపైర్ కావచ్చు. చూసి తేల్చేవాళ్లెవరూ లేకుండా ఇద్దరు రోడ్డు మీద కొట్టుకుంటే అది కొట్లాట. దాన్ని కంటెస్ట్ అనరు.

మాటలోనే 'టెస్ట్' ఉంది కదా, అందరూ కలిసి రాసే పరీక్ష అనేనా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పరీక్ష అనే అర్థమున్న టెస్ట్ వేరు, కంటెస్ట్‌లోని టెస్ట్ వేరు.

పరీక్ష అనే టెస్ట్ లాటిన్‌లో మట్టిపాత్రకున్న 'టెస్టుమ్' అనే పేరు నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. 14వ శతాబ్దం చివర ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం బంగారం, వెండి నాణ్యత తేల్చే చిన్న పాత్ర. పరీక్షించాల్సిన లోహాన్ని సీసంతో కలిపి ఆ పాత్రలో కరిగించేవారు. గాలి తగిలేకొద్దీ సీసం ఆక్సైడుగా మారి, తనతోపాటు రాగి లాంటి చవక లోహాలనూ లాక్కునేది. ఎముకల బూడిదతో చేసిన పాత్ర గోడలు దాన్ని పీల్చేసుకునేవి. చివరికి అడుగున మెరిసే చిన్న పూస మిగిలేది. దాన్ని తూచి, మొదట వేసిన బరువుతో పోలిస్తే నాణ్యత తెలిసిపోయేది. 'పుటం పెట్టిన బంగారం' అని మనం మనుషుల గురించి కూడా అన్నట్టే, ఇంగ్లీషువాళ్లు ఆ పాత్ర పేరును ఎలాంటి పరీక్షకైనా వాడేశారు.

కంటెస్ట్‌లోని టెస్ట్‌కు మూలం 'టెస్టిస్'. అంటే సాక్షి. దానికి మట్టిపాత్రతో సంబంధం లేదు.

ఒకే స్పెల్లింగ్‌ను రెండు రకాలుగా పలుకుతున్నారు. ఏది సరైనది?

రెండూ సరైనవే. నామవాచకమైతే ఊనిక, అంటే ఒత్తి పలకడం, మొదటి అక్షరం మీద పడి 'కాన్'టెస్ట్ అని వినిపిస్తుంది. క్రియ అయితే ఊనిక రెండో భాగం మీద పడుతుంది, మొదటి అచ్చు నలిగిపోయి కన్'టెస్ట్' అవుతుంది. రికార్డ్, కండక్ట్, ప్రొటెస్ట్ కూడా ఇలాగే నడుస్తాయి. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు కాబట్టి మన చెవి ఈ తేడాను వదిలేస్తుంది. పలకడం అలవాటు కావాలంటే ఊనిక పడే భాగం దగ్గర బల్ల మీద వేలితో ఒక్క దెబ్బ వేస్తూ పది సార్లు చదవండి. కంటెస్టెంట్ నామవాచకమే అయినా ఊనిక రెండో భాగం మీదే ఉంటుంది.

## పుట్టుక

ఈ మాట ఇంగ్లీషులోకి ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చింది?

1600 ప్రాంతంలో, ఫ్రెంచి 'కొంతెస్తే' నుంచి. దానికి మూలం లాటిన్ 'కాంటెస్టారీ': కోమ్ అంటే కలిసి, టెస్టారీ అంటే సాక్ష్యం చెప్పడం లేదా సాక్షిగా పిలవడం. ఇంగ్లీషులో తొలి అర్థం కూడా సాక్ష్యం చెప్పడమే, ఇప్పుడది వాడుకలో లేదు. 1610ల నాటికి వాదించి ఎదిరించడం, దేనికోసమైనా పోటీ పడటం అనే అర్థాలు వచ్చాయి. నామవాచకం 1640లలో కనిపిస్తుంది. అప్పటికి దాని అర్థం మాటల పోరు. ఆటల పోటీ అనే అర్థం ఆ తర్వాతిది.

రోమన్ కోర్టులో సాక్షులను పిలవడానికీ పోటీకీ ఏమిటి సంబంధం?

రోమన్ సివిల్ వ్యాజ్యం రెండు దశల్లో నడిచేది. మొదట ఇరుపక్షాలూ ప్రేటర్ అనే న్యాయాధికారి ముందు నిలబడేవి. అక్కడ తీర్పు ఉండదు. అసలు గొడవ దేని గురించి, న్యాయనిర్ణేత ఏ ప్రశ్నకు జవాబు చెప్పాలి అన్నది మాత్రమే ఖరారవుతుంది. ఆ తర్వాత వ్యాజ్యం న్యాయనిర్ణేత దగ్గరికి వెళుతుంది. మొదటి దశ ముగిసే ఘట్టానికే 'లిటిస్ కాంటెస్టాటియో' అని పేరు. లిటిస్ అంటే వ్యాజ్యపు అని అర్థం.

ఆ పేరు ఎందుకొచ్చిందో ఫెస్టుస్ అనే రోమన్ నిఘంటుకారుడు రాశాడు. విచారణ ఖరారు కాగానే ఇరుపక్షాలూ అక్కడున్నవాళ్ల వైపు తిరిగి 'టెస్టెస్ ఎస్టోటె' అనేవట. 'మీరే సాక్షులు' అని. అంతా కాగితం మీద లేని కాలంలో, ఏం ఒప్పుకున్నారో గుర్తుపెట్టుకోవలసినవాళ్లు ఆ నిలబడ్డ జనమే.

ఈ ఘట్టం దాటాక వెనక్కి పోవడం కుదరదు. అదే హక్కు మీద వాది మళ్లీ కొత్త దావా వేయలేడు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 14 కింద ఇష్యూలు, అంటే కోర్టు తేల్చవలసిన ప్రశ్నలు, ఖరారు చేసే దశ దీనికి దగ్గరి పోలిక, ఫలితం మాత్రం అంత కఠినం కాదు.

ఇద్దరూ తలపడటానికి సిద్ధమయ్యామని బహిరంగంగా చెప్పే క్షణం కాబట్టి సాక్షులను పిలవడమనే మాట తలపడటానికే పేరైంది. కబడ్డీ కోర్టులో గీత దగ్గర కూత మొదలైనట్టే.

టెస్టిస్ అంటే 'మూడో మనిషి' అంటారు. నిజమా, ఎవరో అల్లినదా?

భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకున్న వివరణే. పాత రూపం 'త్రి' , 'స్తా' అనే రెండు ముక్కలు: మూడోవాడుగా నిలబడినవాడు. ఇద్దరి మధ్య లావాదేవీ జరుగుతుంటే పక్కన నిలబడి చూసినవాడు. లాటిన్‌లో 'ర' అరిగిపోయింది. లాటిన్‌కు చెల్లెలి వరస అయిన ఆస్కన్ భాషలో అది మిగిలింది: పోంపేయిలో దొరికిన ఒక ఆస్కన్ శాసనంలో 'వీలునామా ద్వారా' అని చెప్పడానికి 'త్రిస్తామెంతుద్' అని చెక్కి ఉంది. లాటిన్‌లో అదే 'టెస్టమెంటో'.

తెలుగువాళ్లకు ఈ ముక్కలు కొత్త కావు. త్రి మన త్రిమూర్తుల్లో ఉన్నదే. స్తా మన స్థానం, స్థితి, స్థిరంలోని స్థాకు సోదర ధాతువే. టెస్టిస్‌ను సంస్కృతం అచ్చులో పోస్తే 'త్రిస్థుడు' అవుతుంది. మధ్యలో నిలబడినవాడు మధ్యస్థుడు, ఒడ్డున నిలబడినవాడు తటస్థుడు అన్న తీరులోనే. మన 'సాక్షి' మాత్రం వేరే దారిలో వచ్చింది, అందులో ఉన్నది అక్షి, కన్ను. రోమన్లు సాక్షిని నిలబడ్డ చోటును బట్టి పిలిస్తే మనవాళ్లు చూసిన కంటిని బట్టి పిలిచారు.

రోమన్లు వృషణాలు పట్టుకుని ప్రమాణం చేసేవారని, అందుకే ఆ పేరని చదివాం. నిజమేనా?

రోమన్లకు అలాంటి ఆచారం ఉన్నట్టు ఆధారం లేదు. లాటిన్‌లో టెస్టిస్‌కు సాక్షి, వృషణం అనే రెండు అర్థాలూ ఉన్న మాట వాస్తవమే. ఆ పోలికను చూసి తర్వాతివాళ్లు కథ అల్లారు. పరీక్షలోనో వ్యాసంలోనో రాయకండి.

## చుట్టాలు, చుట్టాల్లా కనిపించేవి

ప్రొటెస్ట్, డిటెస్ట్, అటెస్ట్, టెస్టమెంట్: ఇవన్నీ ఒకే ఇంటివా?

అన్నీ సాక్షి ఇంటివే. ఉద్యోగ దరఖాస్తు కోసం సర్టిఫికెట్ జిరాక్సులు పట్టుకుని గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర అటెస్ట్ చేయించుకున్న ప్రతివాళ్లకూ ఈ ధాతువు పరిచయమే. అసలు చూశాను, నకలు దానిలాగే ఉంది అని ఆయన పచ్చసిరాతో సాక్ష్యం చెబుతున్నాడు. టెస్టమెంట్ అంటే సాక్షుల ముందు రాసిన వీలునామా. వీలునామా రాయకుండా పోయినవారిని 'ఇంటెస్టేట్' అంటారు. ప్రొటెస్ట్‌కు మొదటి అర్థం నలుగురి ముందు గట్టిగా ప్రకటించడం. 1529లో జర్మనీలోని స్పైయర్ సభలో లూథర్ పక్షపు రాజులు అలా ప్రకటించినందుకే వారి మతశాఖకు ప్రొటెస్టెంట్ అని పేరు వచ్చింది. ఎదిరించడమనే అర్థం తర్వాత బలపడింది. డిటెస్ట్ ఇంకా ఘాటైనది: దేవుణ్ణి సాక్షిగా పిలిచి శపించడం. ఇప్పుడది అసహ్యించుకోవడంగా మిగిలింది.

కంటెండ్, కంటెన్షన్ కూడా కంటెస్ట్ నుంచే వచ్చాయా?

లేదు, మొదటి ముక్క ఒక్కటే కలుస్తుంది. కంటెండ్‌లో ఉన్నది 'టెండెరె', లాగి బిగించడం. టెంట్, టెన్షన్ దాని పిల్లలు. మన తంతువు, తంతి వచ్చిన 'తన్' ధాతువు దానికి బంధువు. కంటెండ్ అనగానే తాడు బిగిసినట్టు అనిపించాలి, అందులో శ్రమ ఉంది. కంటెస్ట్‌లో ఉన్నది వ్యాజ్యం.

కాంపిటీట్‌కు, కాంపిటెంట్‌కు ఏమిటి సంబంధం? పోటీ పడితే సమర్థుడనా?

రెండింటికీ మూలం 'కాంపెటెరె': కలిసి ఒకేచోటికి రావడం, ఒకదానికొకటి సరిపడటం, తగి ఉండటం. తగినవాడు అన్న అర్థం నుంచి కాంపిటెంట్ వచ్చింది. 'ఈ కేసు వినడానికి కాంపిటెంట్ కోర్టు' అన్నప్పుడు పాత అర్థం చెక్కు చెదరకుండా ఉంది. ఒకేదాన్ని కలిసి కోరడం అన్న తర్వాతి అర్థం నుంచి కాంపిటీట్ వచ్చింది. పిటిషన్‌లోనూ ఇదే ధాతువు ఉంది, కోరడం.

తెలుగులో 'తగవు' చూడండి. తగు నుంచి వచ్చిన ఆ మాటకు పాత కావ్యాల్లో న్యాయం, ఔచిత్యం అని అర్థం. తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. ఇప్పుడు తగవు అంటే గొడవ. ఏది తగునో తేల్చుకోవడానికి కూర్చుంటే చివరికి మిగిలింది గొడవ పేరే. లాటిన్ మాట, తెలుగు మాట ఒకరినొకరు ఎరగకుండా ఒకే బాట నడిచాయి.

రైవల్ అనే మాట రివర్ నుంచి వచ్చిందా?

నీళ్ల నుంచే వచ్చింది గానీ రివర్ నుంచి కాదు. రివర్‌కు మూలం 'రీపా', ఒడ్డు. రైవల్‌కు మూలం 'రివుస్', వాగు లేదా పిల్లకాలువ. ఒకే కాలువ నుంచి నీళ్లు పెట్టుకునేవాళ్లు రివాలిస్‌లు.

అందుకు ఆధారం రోమన్ చట్టంలోనే ఉంది. ఉల్పియన్ అనే న్యాయవేత్త మాటలను 533లో వెలువడిన డైజెస్ట్ అనే రోమన్ న్యాయ సంకలనం 43వ పుస్తకంలో పొందుపరిచారు. ఆయన చెప్పిన సారం: రివాలిస్‌లు, అంటే ఒకే కాలువ ద్వారా నీళ్లు తీసుకునేవాళ్ల మధ్య నీటి వాడకంపై వివాదం వచ్చి, ఇద్దరూ అది తమదేనంటే, ఇద్దరికీ వర్తించే జంట ఉత్తర్వు కోరే హక్కు ఉంది. లాటిన్‌లో ఆ ఒక్క వాక్యంలోనే రివాలిస్, కాంటెన్షియో, కాంపెటిట్ అన్న మూడు మాటలూ వచ్చాయి. ఇంగ్లీషులో పోటీకి వాడే మూడు ముఖ్యమైన మాటల పూర్వికులు ఒకే కాలువ గట్టు మీద కలిశారన్నమాట.

కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. ఎగువ రైతు తూము కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచితే శివారు పొలం ఎండుతుంది, వంతు తప్పితే రాత్రిపూట గట్ల మీద కాపలా మొదలవుతుంది. రాష్ట్రాల మధ్యా అంతే. బచావత్ ట్రైబ్యునల్ అవార్డు 1976లో గెజిట్‌కెక్కినప్పుడు కృష్ణ నీటిలో 2,060 టీఎంసీలను మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచారు. ఆ మూడు రాష్ట్రాలూ, ఇప్పుడు తెలంగాణతో కలిపి నాలుగూ, నిఘంటువు ప్రకారం అక్షరాలా రైవల్స్.

## తెలుగులో ఏమనాలి

కంటెస్ట్‌కు సరిపోయే ఒక్క తెలుగు మాట ఏది?

ఒక్క మాటతో సరిపెట్టలేం. ఎన్నిక, ఆట, బహుమతి అయితే పోటీ. తమిళంలో పోట్టి, కన్నడంలో పైపోటి దాని బంధువులు. కోర్టులో ఎదుర్కోవడమైతే 'ప్రతివాదం చేయడం' లేదా 'ఎదిరించి వాదించడం'. ఫలితాన్నో ఉత్తర్వునో అయితే 'సవాలు చేయడం'. భూమి విషయంలో రెవెన్యూవాళ్లు వాడే మాట తకరారు. 'కంటెస్టెడ్ ల్యాండ్'ను పోటీ భూమి అని రాస్తే నవ్వులపాలవుతాం. తకరారు భూమి అనో వివాదంలో ఉన్న భూమి అనో రాయాలి.

ప్రత్యర్థి అనే మాట ఆటలదా, కోర్టుదా?

పుట్టింది కోర్టులోనే. ధర్మశాస్త్రాల్లో అర్థి అంటే వాది, ప్రత్యర్థి అంటే ప్రతివాది. నేడు 'ప్రత్యర్థి జట్టు' అంటున్నాం, కోర్టు వాసన పూర్తిగా పోయింది. కంటెస్ట్ నడిచిన దారే ఇది. 'ఇంట గెలిచి రచ్చ గెలువు' అన్న సామెతలోనూ రచ్చ అంటే నలుగురూ కూర్చుని తగవు వినే చోటు, రచ్చబండలోని రచ్చ. అల్లరి అనే అర్థం తర్వాత అంటుకుంది.

పత్రికల్లో భారత్, పాకిస్తాన్ మ్యాచ్‌ను 'దాయాదుల పోరు' అంటారు. రైవల్‌కు అదే సరైన తెలుగా?

చాలా దగ్గరి మాట. దాయం అంటే పంచుకోవలసిన ఆస్తి, అందులో భాగం ఉన్నవాడు దాయాది. ఒకే ఆస్తి పంచుకునేవాడు పగవాడవుతాడన్న అనుభవం ఆ మాటలో ఇమిడి ఉంది. దాయ అంటే తెలుగులో శత్రువు అని కూడా అర్థం. ఒకే మొగుణ్ణి పంచుకునే సవతిని చెప్పే 'సపత్ని' నుంచి సంస్కృతంలో శత్రువుకు 'సపత్నుడు' అనే మాట వచ్చింది. రోమన్లకు కాలువ, మనకు ఆస్తి, కాపురం. అయితే దాయాదికి పుట్టుకతో వచ్చిన బంధుత్వం ఉండాలి. రెండు సబ్బుల కంపెనీలను దాయాదులు అనకండి, అక్కడ పోటీదారులు చాలు.

## రాసేటప్పుడు వచ్చే తప్పులు

ఎన్నికలో కంటెస్ట్ అనడానికి 'ఇన్' పెట్టాలా, 'ఫర్' పెట్టాలా?

ఏదీ అక్కర్లేదు. 'కంటెస్ట్ ది ఎలక్షన్', 'కంటెస్ట్ ది సీట్' అంటే చాలు, క్రియ నేరుగా కర్మను తీసుకుంటుంది. మనం 'ఎన్నికల్లో', 'కడప నుంచి' అంటాం కాబట్టి 'ఇన్', 'ఫ్రమ్' చేతికి వచ్చేస్తాయి. 'కంటెస్ట్ ఫ్రమ్' భారతీయ ఇంగ్లీషు పత్రికల్లో స్థిరపడిపోయింది, మన దేశంలో తప్పు పట్టరు. బయటి పాఠకులకు రాసేటప్పుడు మానేయండి. అమెరికాలో ఎన్నికకు 'రన్ ఫర్' అంటారు. అక్కడ 'కంటెస్ట్ ది ఎలక్షన్' అంటే ఫలితాన్ని సవాలు చేశారని అర్థమవుతుంది. అమెరికా వార్తను తెలుగు చేసేటప్పుడు 'ఎన్నికలో పోటీ చేశారు' అని రాస్తే వార్తే తారుమారవుతుంది.

కంటెస్టెంట్, కంటెండర్, క్యాండిడేట్‌లలో ఏది ఎప్పుడు?

పోటీలోకి దిగిన ప్రతివాళ్లూ కంటెస్టెంట్. గెలిచే అవకాశం గట్టిగా ఉన్నవాళ్లే కంటెండర్. రియాలిటీ షోలో 16 మంది కంటెస్టెంట్లు ఉంటే కంటెండర్లు ముగ్గురో నలుగురో. ఎన్నికకు, ఉద్యోగానికి, పరీక్షకు క్యాండిడేట్. ఎన్నికల్లో కంటెస్టెంట్ అనడం ఇంగ్లీషులో అరుదు, ప్రజాప్రాతినిధ్య చట్టం వాడే మాట 'కంటెస్టింగ్ క్యాండిడేట్'. అంటే నామినేషన్ చెల్లి, ఉపసంహరణ గడువు దాటాక కూడా బరిలో మిగిలినవారు.

'నో కంటెస్ట్' అంటే ఏమిటి?

మూడు చోట్ల మూడు అర్థాలు. మామూలు మాటల్లో, ఏకపక్షంగా సాగిన పోరు. బాక్సింగ్‌లో, విజేత లేకుండా రద్దయిన బౌట్. అమెరికా క్రిమినల్ కోర్టులో, నేరం ఒప్పుకోకుండానే ఎదిరించను అని చెప్పడం.

## ఎన్నిక, కోర్టు, బీమా

అన్‌కంటెస్టెడ్ ఎన్నిక, ఏకగ్రీవం ఒకటేనా?

వాడుకలో ఒకటే, అర్థంలో కాదు. గ్రీవ అంటే మెడ, గొంతు. ఏకగ్రీవం అంటే అందరిదీ ఒకే గొంతు. కానీ చట్టానికి అందరి మనసూ అక్కర్లేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని 53వ సెక్షన్ చూసేది లెక్కే: బరిలో మిగిలిన అభ్యర్థుల సంఖ్య సీట్ల సంఖ్యతో సమానమైతే పోలింగ్ లేకుండా గెలిచినట్టు ప్రకటిస్తారు. 1977లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయినప్పుడు 37 మంది నామినేషన్ వేశారు. 36 తిరస్కరణకు గురయ్యాయి. ఎన్నిక అన్‌కంటెస్టెడ్, కానీ 36 మంది వేరే గొంతుతోనే వచ్చారు.

దీనికి తిరగేసిన ఉదాహరణ 1991 నంద్యాల ఉపఎన్నిక. పి.వి. నరసింహారావు మీద తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. దాంతో చాలామంది దాన్ని ఏకగ్రీవంగా గుర్తుపెట్టుకున్నారు. ఇతర అభ్యర్థులు బరిలో ఉన్నారు, పోలింగ్ జరిగింది, ఆయన 5 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. అది కంటెస్టెడ్ ఎన్నికే.

కంటెస్ట్‌కున్న అన్ని అర్థాలూ ఒకేచోట కనిపించే ఉదాహరణ ఉందా?

1969 రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, స్వతంత్రుడిగా వి.వి. గిరి, ఇద్దరూ తెలుగువాళ్లే. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలక రెండో ప్రాధాన్యం లెక్కపెట్టారు. గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. ఇది పోటీ అనే కంటెస్ట్.

తర్వాత ఆ ఫలితాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సంజీవరెడ్డిని కించపరిచే కరపత్రం పంచారన్నది ప్రధాన ఆరోపణ. ఇది ఎదిరించడమనే కంటెస్ట్. విచారణలో రాష్ట్రపతి హోదాలో ఉన్న గిరి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ మాట పుట్టిన అర్థం అదే. 1970లో కోర్టు పిటిషన్లను కొట్టేసింది.

ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికను కోర్టులో సవాలు చేయాలంటే గడువెంత?

ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. ఆ నియోజకవర్గం ఓటరు గానీ అభ్యర్థి గానీ వేయవచ్చు. ఈ గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించరు, ఎక్కువ పిటిషన్లు దెబ్బతినేది ఇక్కడే. మామూలు రిట్ పిటిషన్‌తో పని కాదు. అభ్యర్థి నామినేషన్‌తో కట్టే డిపాజిట్ సంగతి వేరే: లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ రాకపోతే డిపాజిట్ గల్లంతు.

సివిల్ కోర్టు సమన్లు అందాయి. 'కంటెస్ట్ చేస్తున్నారా?' అని లాయరు అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

దావాలో అడిగినదాన్ని ఒప్పుకుంటారా, ఎదిరిస్తారా అని ఆ ప్రశ్న. ఎదిరించేటట్లయితే సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా వేయాలి. కారణం చూపిస్తే కోర్టు 90 రోజుల దాకా పొడిగించవచ్చు. కమర్షియల్ దావాల్లో 120 రోజులే ఆఖరు, ఆపైన హక్కు పోతుంది. 'వాళ్లు చెప్పింది అబద్ధం' అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. ప్రతి ఆరోపణకూ విడివిడిగా జవాబివ్వాలి, కాదనకుండా వదిలేసినదాన్ని ఒప్పుకున్నట్టు పరిగణించే ప్రమాదముంది. అసలు హాజరుకాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మీ వాదన వినకుండానే తీర్పు, అవుతుంది. దాన్ని రద్దు చేయమని ఆర్డర్ 9 రూల్ 13 కింద అడగడానికి మామూలుగా డిక్రీ తేదీ నుంచి 30 రోజులే ఉంటుంది. సమన్లు సరిగా అందకపోతే తెలిసిన రోజు నుంచి ఆ గడువు లెక్కిస్తారు.

బీమా ఏజెంటు 'మూడేళ్లు దాటితే ఇన్‌కంటెస్టబుల్' అన్నారు. నమ్మవచ్చా?

జీవిత బీమాలో నిజమే. బీమా చట్టం 1938లోని 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ కంపెనీ పాలసీని ప్రశ్నించలేదు. 2015 సవరణకు ముందు నియమం వేరు. దెబ్బ తగిలేది లెక్క దగ్గర. పాలసీ ఇచ్చిన తేదీ, రిస్కు మొదలైన తేదీ, పునరుద్ధరణ తేదీ, రైడర్ (పాలసీకి జోడించే అదనపు రక్షణ) చేర్చిన తేదీలలో ఏది చివరిదో అక్కడి నుంచి మూడేళ్లు. ప్రీమియం కట్టక లాప్స్ అయిన పాలసీని పదో ఏట పునరుద్ధరిస్తే గడియారం మళ్లీ మొదటికి వస్తుంది. దరఖాస్తులో షుగరు, బీపీ దాచిపెట్టి మూడేళ్లు గడిస్తే చాలనుకోవడం కుటుంబాన్ని ప్రమాదంలో పెట్టడమే. ఆలోపు మరణం సంభవిస్తే క్లెయిమ్ ఆగేది దాచిన ఆ వివరం దగ్గరే.

అమెరికాలో ఉన్నాం. ట్రాఫిక్ టికెట్ మీద 'కంటెస్ట్', 'నో కంటెస్ట్' అని రెండూ ఉన్నాయి. ఏది పెట్టాలి?

'కంటెస్ట్' అంటే తప్పు చేయలేదంటూ విచారణ కోరడం. 'నో కంటెస్ట్' అంటే తప్పు ఒప్పుకోను, అలాగని ఎదిరించను, శిక్ష వేయండి అని. దీని లాటిన్ పేరు 'నోలో కాంటెండెరె'. తప్పు ఒప్పుకోలేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. చాలా రాష్ట్రాల్లో జరిమానా, లైసెన్సు పాయింట్లు నేరం రుజువైనట్టే పడతాయి. తేడా కనిపించేది ఎక్కువగా తర్వాతి నష్టపరిహారం దావాలో, అక్కడ దీన్ని మీ ఒప్పుకోలుగా చూపించడం సాధారణంగా కుదరదు.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అమెరికా వలస చట్టం నిర్వచనంలో నోలో కాంటెండెరె కూడా 'కన్విక్షన్' కిందికే వస్తుంది. మామూలు స్పీడింగ్ జరిమానా ఒకటి, తాగి నడపడం లాంటి క్రిమినల్ అభియోగం ఇంకొకటి. రెండో రకమైతే టికెట్ వెనక గడిలో టిక్ పెట్టి పోస్టులో వేసేముందు ఇమిగ్రేషన్ తెలిసిన లాయరుకు చూపించండి. టికెట్ మీద రాసిన జవాబు తేదీ దాటనివ్వకండి. ఏ గడీ నింపకుండా వదిలేస్తే లైసెన్సు సస్పెన్షన్ దాకా పోవచ్చు.